వోల్టేజీ ఎక్కడ పోతోంది?



కారెక్కి తాళం తిప్పుతాం. ‘టక్’ మని ఒక చప్పుడు వస్తుంది. అంతే, ఇంజను కదలదు. డాష్‌బోర్డు మీద లైట్లు వెలుగుతూనే ఉంటాయి, హారన్ మోగుతుంది, పాటలు కూడా వస్తాయి. సెల్ఫ్ మాత్రం తీసుకోదు. ఇలాంటప్పుడు మన దగ్గర ఎవరిని అడిగినా చెప్పేది ఒకటే: ‘‘బ్యాటరీ పోయిందండీ, కొత్తది వేసేద్దాం.’’ కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు మాత్రం కొత్త బ్యాటరీతో కొన్నాళ్లు నడిచి, మళ్లీ ఓ పొద్దున అదే ‘టక్’ వినిపిస్తుంది. అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పుతారు. అదీ కాకపోతే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ మీద పడతారు. వేలకు వేలు ఖర్చయ్యాక, తుప్పు పట్టిన ఒక్క బోల్టు దగ్గర అసలు లోపం బయటపడుతుంది.

ఆ వేలు మిగుల్చుకునే దారి చెప్పాలనే ఇవాళ మీ ముందుకు వచ్చాను. కారులో కరెంటు లోపాన్ని సామాన్లు మార్చి వెతకకూడదు, మీటరు పెట్టి వెతకాలి. అదీ కరెంటు గట్టిగా పారుతున్న సమయంలో పెట్టి చూడాలి. ఈ రెండో మాట చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోరు. అందుకే దాని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

కావలసింది ఒక డిజిటల్ మల్టీమీటర్. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ ఊళ్లో ఎలక్ట్రికల్ షాపులో అడిగినా కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి ఉంటాయి. మధ్యలో ఉన్న చక్రాన్ని డీసీ వోల్టుల వైపు, 20 అని రాసి ఉన్న చోటికి తిప్పండి. మొదలుపెట్టడానికి ఇంత తెలిస్తే చాలు.

ముందుగా బ్యాటరీ సంగతి. ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకులను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, అయిపోయాక మళ్లీ ఛార్జి చేసుకోగల బ్యాటరీని మొదటిసారి తయారుచేశాడు. ఇవాళ మన కార్లలో ఉన్నది ఆ వంశానిదే. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వాళ్లు చేసిన బ్యాటరీ అయినా, మరెక్కడ తయారైనదైనా సూత్రం అదే. లోపల ఆరు సెల్‌లు ఉంటాయి. ఒక్కో సెల్ 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరూ కలిస్తే 12.6. పన్నెండు వోల్టుల బ్యాటరీ అని పేరేగాని, నిండుగా ఉన్నప్పుడు మీటరులో కనిపించాల్సింది 12.6. అది 12.4కి దిగితే ముప్పాతిక మిగిలిందని, 12.2కి దిగితే సగమే మిగిలిందని లెక్క. సరిగ్గా 12 చూపిస్తే పావు వంతే ఉంది. 11.9 కంటే కిందికి పోతే ఖాళీ అయినట్టే. నిండు బ్యాటరీకీ ఖాళీ బ్యాటరీకీ మధ్య ఒక్క వోల్టు తేడా కూడా లేదు, గమనించారా? ‘‘పన్నెండు వస్తోంది కదండీ, బ్యాటరీ బాగానే ఉంది’’ అని ఎవరైనా అంటే ఈ అంకెలు గుర్తుచేసుకోండి.

ఈ కొలత బండి తిరిగి వచ్చిన వెంటనే తీయకూడదు. అప్పటిదాకా ఛార్జింగ్ ఎక్కుతూ ఉండటం వల్ల పలకల పైపైన కొంత వోల్టేజీ నిలిచి, బ్యాటరీ ఉన్నదానికంటే నిండుగా కనిపిస్తుంది. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే, తలుపు తీసిన లైటు కూడా ఆరిపోయాక చూడండి. అంత ఆగలేకపోతే ఇంజను ఆపి, హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వెలిగించి ఆర్పేసి, కాస్త ఆగి చూడండి. పైపై వోల్టేజీ దిగిపోయి అసలు సంగతి తెలుస్తుంది.

నిలకడగా ఉన్నప్పుడు 12.6 చూపించినంత మాత్రాన బ్యాటరీ మంచిదని తేలిపోదు. పాతబడిన బ్యాటరీ కూడా పనేమీ చెప్పకుండా ఉంటే 12.6 చూపిస్తుంది. సెల్ఫ్ మోటారు చిన్న కారులో కూడా వంద నూటయాభై ఆంపియర్లు లాగుతుంది. ఆ బరువు పడ్డప్పుడు అది ఏమవుతుందో చూడాలి. మీటరు తీగలు బ్యాటరీ మీద ఆనించి ఉంచి, మరొకరిని తాళం తిప్పమనండి. ఇంజను తిరుగుతున్నంతసేపు అంకె 9.6 కంటే కిందికి జారకూడదు. బాగున్న బ్యాటరీ పది దాటే నిలుస్తుంది. ఏడుకో ఎనిమిదికో పడిపోతే బ్యాటరీ అలసిపోయింది, లేదా సెల్ఫ్ మోటారే లోపల పట్టేసి మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతోంది.

దీనికి తిరగబడిన సందర్భం ఇంకొకటుంది, దాన్ని చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. తాళం తిప్పితే ఇంజను నీరసంగా తిరుగుతోంది, లేదా ‘టక్’ మని ఆగిపోయింది. మీటరు చూస్తే బ్యాటరీ మీద పదకొండున్నర వోల్టులు దర్జాగా ఉన్నాయి. మోటారు కదలనప్పుడు బ్యాటరీ ఎందుకు దిగలేదు? దాని నుంచి ఎవరూ గట్టిగా కరెంటు తీసుకోలేదు కనుక. అంటే లోపం దారిలో ఉంది. బ్యాటరీ మార్చినా అక్కడ ఒరిగేది ఏమీ లేదు.

దారిలో లోపం అంటే ఏమిటో వివరంగా చెప్పుకోవాలి. జర్మనీ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో అచ్చువేసిన సూత్రం మనం పదో తరగతిలో చదువుకున్నదే. కరెంటును నిరోధంతో హెచ్చిస్తే వోల్టేజీ వస్తుంది. తుప్పు పట్టిన ఒక జాయింటు దగ్గర నిరోధం ఓములో నూరోవంతు ఉందనుకోండి. డోమ్ లైటుకు వెళ్లే అర ఆంపియరు కరెంటు ఆ జాయింటు దాటితే పోయే వోల్టేజీ లెక్కలోకే రాదు, లైటు మామూలుగా వెలుగుతుంది. అదే జాయింటు గుండా సెల్ఫ్ మోటారు నూటయాభై ఆంపియర్లు లాగబోతే ఒకటిన్నర వోల్టు అక్కడే హరించుకుపోతుంది. నిరోధం ఇంకొంచెం పెరిగితే మూడు వోల్టులు, నాలుగు వోల్టులు పోతాయి. లైట్లు వెలుగుతూ సెల్ఫ్ తీసుకోకపోవడంలో ఉన్న కిటుకు ఇదే. పంట కాలువలో మధ్యన పూడిక పడితే మొదట్లో నీళ్లు నిండుగానే కనిపిస్తాయి. చివరి ఆయకట్టు రైతు పొలానికి తూము తెరిచినప్పుడే పూడిక సంగతి తెలుస్తుంది.

ఓములు కొలిచే మీటరు చేతిలో ఉంది కదా, దానితో ఆ తీగను కొలిస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. మన మల్టీమీటర్లు ఓములో నూరోవంతును నమ్మకంగా చూపించలేవు. ఇంకో చిక్కు కూడా ఉంది. వోల్టులు కొలిచే మీటరు తన గుండా కరెంటును దాదాపు పోనివ్వదు. దాని లోపలి నిరోధం మామూలుగా ఒక కోటి ఓములు. అందుకే వేలెడు లావు కేబుల్‌లో రాగి పోగులన్నీ తెగిపోయి ఒక్క పోగు మిగిలినా, కరెంటు పారనంతసేపు మీటరు 12.6 అనే చూపిస్తుంది. టెస్ట్ ల్యాంపు పెట్టినా వెలుగుతుంది. మెకానిక్ ‘‘ఇక్కడిదాకా కరెంటు వస్తోంది సార్’’ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. కొలిచిన సమయమే తప్పు.

కాబట్టి ఇలా చేయండి. ఎర్ర తీగను బ్యాటరీ ప్లస్ స్తంభం మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, స్తంభం మీదే. నల్ల తీగను సెల్ఫ్ మోటారు మీద లావు కేబుల్ బిగించిన బోల్టుకు ఆనించండి. రెండు కొనలూ ఒకే దారికి రెండు చివర్లు. ఇప్పుడు తాళం తిప్పించండి. ఇంజను తిరుగుతుండగా మీటరులో వచ్చే అంకే ఆ దారిలో పోతున్న వోల్టేజీ. అర వోల్టు లోపల ఉంటే పరవాలేదు. దాటితే ఆ దారిలోనే ఎక్కడో లోపం ఉంది. అప్పుడు నల్ల తీగను కొద్దికొద్దిగా బ్యాటరీ వైపు జరుపుతూ రండి. స్తంభానికీ క్లాంపుకీ మధ్య, క్లాంపుకీ కేబుల్‌కీ మధ్య, అలా చూస్తూ పోతే ఎక్కడ అంకె హఠాత్తుగా పడిపోయిందో దానికి ముందున్న జాయింటే దొంగ. చేతులు, తీగలు బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉంచండి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు పైకి ఉండాలి.

ప్లస్ వైపు చూసి ఆగిపోకండి. నా అనుభవంలో ఎక్కువ లోపాలు రెండో వైపే ఉంటాయి. కారులో ప్రతి బల్బుకీ ప్రతి మోటారుకీ ప్లస్ తీగ విడిగా వెళ్తుంది. కరెంటు తిరిగివచ్చే దారి మాత్రం చాలామటుకు కారు ఇనుప బాడీయే. మనం ఎర్త్ అనేది దాన్నే. బ్యాటరీ మైనస్ నుంచి ఒక లావు తీగ బాడీకి వెళ్తుంది. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు కరెంటును పోనివ్వదు కనుక ఇంజనుకీ బాడీకీ మధ్య ఇంకొక తీగో, అల్లిక పట్టీయో బిగిస్తారు. నూటయాభై ఆంపియర్లు తిరిగి రావలసింది ఆ పట్టీ మీదుగానే. అది కింద ఎక్కడో ఆయిలు, బురద, నీళ్ల మధ్య ఉంటుంది. ఎవరూ చూడరు. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి దాన్ని ఇంకా తొందరగా తినేస్తుంది.

నేను చూసిన ఒక పాత చిన్న కారు సంగతి చెబుతాను. యజమాని రిటైరైన ఉపాధ్యాయుడు. బ్యాటరీ కొత్తది వేయించారు, సెల్ఫ్ మోటారులో బ్రష్‌లు మార్పించారు. అయినా పొద్దున్న పూట ఇంజను బద్ధకంగా తిరిగేది. ఆయన మాటల మధ్యలో మామూలుగా చెప్పిన ఒక సంగతి నా చెవిన పడింది. పదే పదే సెల్ఫ్ కొడితే యాక్సిలరేటర్ కేబుల్ చేతికి వేడిగా తగులుతోందట. కేబుల్‌లో కరెంటు పని ఏముంది? ఏమీ లేదు. కానీ ఎర్త్ పట్టీ పాడైతే ఇంజను నుంచి కరెంటు ఏదో ఒక ఇనుప దారి వెతుక్కుంటుంది. ఆ దారి యాక్సిలరేటర్ కేబుల్ అవుతుంది, గేరు కేబుల్ అవుతుంది. అవి అంత కరెంటుకు పనికివచ్చేవి కావు, వేడెక్కుతాయి, కొన్ని బండ్లలో పొగ కూడా వచ్చి పట్టేస్తాయి. మీటరు ఒక తీగ ఇంజను మీద శుభ్రంగా ఉన్న చోట, ఇంకొక తీగ బ్యాటరీ మైనస్ స్తంభం మీద పెట్టి తాళం తిప్పిస్తే దాదాపు మూడు వోల్టులు కనిపించాయి. ఉండవలసింది 0.2, మహా అయితే 0.3. పట్టీ విప్పి చూస్తే లోపల పోగులు పచ్చగా పొడి రాలుతున్నాయి. కొత్త పట్టీ వేసి, బాడీ మీద బోల్టు కింద పెయింటు, తుప్పు గీకి మెరిసే లోహం కనిపించాక బిగించారు. ఆ తరవాత ఆ బండి ఒక్క తిప్పుకే అందుకుంది. కొత్త బ్యాటరీ, కొత్త బ్రష్‌లు రెండూ అనవసరపు ఖర్చేనని ఆయనకు అర్థమైంది.

బ్యాటరీ స్తంభాల మీద తెల్లగా, నీలంగా పేరుకునే పొడి గురించి రెండు ముక్కలు. వేడి నీళ్లలో వంటసోడా కలిపి పోస్తే అది నురగలు కక్కి కరిగిపోతుంది. ఆ నీళ్లు సెల్ మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకోండి. తుడిచి, స్తంభాన్నీ క్లాంపు లోపలి వైపునీ ఎమరీ కాగితంతో రుద్ది, బిగించాక పైన వాజెలిన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలినా అప్పుడు నిప్పురవ్వలు రావు.

ఇక ఛార్జింగ్ వైపు వద్దాం. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 12.5 దగ్గరే ఉండి మెల్లగా తగ్గుతోందంటే ఛార్జింగ్ ఎక్కడం లేదు. ముందు బెల్టు చూడండి. వదులైనా, నున్నగా అరిగినా జారుతుంది, ఏసీ వేయగానే కీచుమంటుంది. బెల్టు బాగుంటే ఆల్టర్నేటర్ వెనక లావు బోల్టు మీద ఎంత వస్తోందో, బ్యాటరీ మీద ఎంత వస్తోందో పోల్చండి. అక్కడ 14.4, ఇక్కడ 13.2 అయితే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది, మధ్య తీగ తినేస్తోంది. ఆల్టర్నేటర్ మార్చమని సలహా ఇచ్చేముందు ఈ ఒక్క కొలత తీసి ఉంటే బాగుండేదనిపించే బండ్లు చాలా ఉంటాయి. ఈ కొలత కూడా హెడ్‌లైట్లు, బ్లోయరు అన్నీ వేసి, ఇంజను కాస్త రేజ్ చేసి తీయాలి. అన్నీ వేసినా 13.5కు అటూ ఇటూగా నిలవగలిగితే ఆల్టర్నేటర్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

మన ఎండల గురించి ఒక వివరం చెప్పాలి. వేడిలో బ్యాటరీకి తక్కువ వోల్టేజీతో ఛార్జి చేయడం మేలు కనుక, ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్లు చాలావరకు వేడెక్కేకొద్దీ తామే వోల్టేజీ తగ్గిస్తాయి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గంటసేపు నడిచి వచ్చిన బండి 13.6 చూపిస్తే కంగారు పడనవసరం లేదు. వేడి వల్ల అసలు నష్టం బ్యాటరీకే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని బ్యాటరీల రంగంలో లెక్క కడతారు. వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ అప్పుడు బయటపడకుండా, ఇంజను ఆయిలు చిక్కబడే చలికాలపు పొద్దున మొరాయిస్తుంది.

వోల్టేజీ తక్కువైతే బండి ఆగుతుంది. ఎక్కువైతే సామాను కాలుతుంది. 15 దాటి నిలకడగా ఉంటే రెగ్యులేటర్ చెడిపోయినట్టే. బల్బులు తరచూ మాడిపోవడం, బ్యాటరీ నీళ్లు తొందరగా తగ్గిపోవడం, బానెట్ ఎత్తితే కుళ్లిన గుడ్ల వాసన రావడం, ఇవి దాని గుర్తులు. అలాంటి బండిని దూరం నడపకండి. ఆల్టర్నేటర్ లోపల ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్లు ఉంటాయి. వాటిలో ఒకటి పోతే డీసీలో ఏసీ కలిసి వస్తుంది. ఇంజను నడుస్తుండగా మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీకి ఆనిస్తే అర వోల్టు లోపలే ఉండాలి. చవక మీటర్లు కొన్ని ఇంజను ఆపి ఉన్నా ఏసీ మీద ఇరవై పైచిలుకు చూపిస్తాయి. అలాంటి మీటరుతో ఈ ఒక్క పరీక్ష మాత్రం చేయకండి.

గత పది పన్నెండేళ్లలో వచ్చిన కొన్ని కార్లలో ఆల్టర్నేటర్ ఎంత వోల్టేజీ ఇవ్వాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. పెట్రోలు ఆదా కోసం సాఫీగా పోతున్నప్పుడు వోల్టేజీ పన్నెండున్నరకు దించుతుంది, బ్రేకు వేసి వేగం తగ్గించేటప్పుడు పదిహేను దగ్గరకు పెంచుతుంది. అలాంటి కారులో 12.6 చూసి ఆల్టర్నేటర్ పోయిందని అనకూడదు. లైట్లన్నీ వేసి, కాసేపు మార్పు గమనించి, ఆ కారు మాన్యువల్ చూసిగాని తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి మెకానిక్ సోదరులు కూడా వినాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, బండి ఆగకపోతే డైనమో బాగుందని చెప్పే అలవాటు ఇంకా ఉంది. డైనమో ఉన్న పాత బండ్ల కాలంలో అది చెల్లింది. ఇప్పటి ఆల్టర్నేటర్ గట్టిగా ఛార్జి చేస్తున్నప్పుడు బ్యాటరీని హఠాత్తుగా తప్పిస్తే, ఒక్క క్షణం పాటు ఎనభై, వంద వోల్టుల దాకా లేవగలదు. కార్ల ఎలక్ట్రానిక్స్‌కు పెట్టే అంతర్జాతీయ పరీక్షల్లోనే ఈ ప్రమాదానికి ఒక పరీక్ష ప్రత్యేకంగా ఉంది. కారులో ఇవాళ ఇంజను కంప్యూటరు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లు ఉన్నాయి. ఒక్క కంప్యూటరు కాలితే అయ్యే ఖర్చుతో బ్యాటరీలు ఎన్నో వస్తాయి. మీ కళ్ల ముందు ఎవరైనా ఆ పని చేయబోతే ఆపండి.

కంప్యూటర్ల మాట వచ్చింది కనుక ఇంకొకటి. ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు, సంబంధం లేని ఇవన్నీ ఒకేసారి వెలిగితే ఒక్కో విభాగాన్ని విప్పుకుంటూ పోవద్దు. ముందు బ్యాటరీ వోల్టేజీ, ఎర్త్ చూడండి. వోల్టేజీ కుంగినప్పుడు అన్నీ కలిసి ఫిర్యాదు చేస్తాయి.

నేను అన్నిటికంటే ఎక్కువ పట్టింపుతో చెప్పదలచినది హెడ్‌లైట్ల గురించి. సెల్ఫ్ తీసుకోకపోతే బండి ఇంటి దగ్గర ఆగిపోతుంది, అంతే. హెడ్‌లైట్లకు వోల్టేజీ అందకపోతే ప్రాణాలకు ముప్పు. హాలోజెన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు పది శాతం కాదు, సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. బ్యాటరీ మీద 13.8 ఉండి బల్బు దగ్గరకు 12.2 మాత్రమే చేరుతోందంటే మూడోవంతు వెలుతురు తీగల్లో, స్విచ్చిలో, ఎర్త్ బోల్టులో వేడిగా పోతోంది. చాలామంది దీనికి మందుగా వంద వాట్ల బల్బులు వేయిస్తారు. మామూలు బల్బు 55 వాట్లు, జత కలిపి తొమ్మిది పది ఆంపియర్లు తీసుకుంటుంది. వంద వాట్ల జత పదహారు పదిహేడు తీసుకుంటుంది. అవే సన్నని తీగల్లో కరెంటు పెరిగితే పోయే వోల్టేజీ కూడా పెరుగుతుంది. ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది, స్విచ్చి మాడుతుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి. దానికి బదులు బల్బు వెలుగుతుండగా హోల్డరు వెనక వోల్టేజీ కొలిపించండి. ఎర్త్ వైపు ఎంత పోతోందో, ప్లస్ వైపు ఎంత పోతోందో విడివిడిగా చూడమనండి. ఎర్త్ బోల్టు శుభ్రం చేసి, బ్యాటరీ నుంచి సరైన లావు తీగ లాగి ఫ్యూజు, రిలే పెడితే అదే 55 వాట్ల బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే ఇంకో లైటు మిణుకుమిణుకుమంటున్నా, బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు మసకబారుతున్నా అది కూడా ఎర్త్ లోపమే.

నడవని కారులో బ్యాటరీ ఎందుకు దిగుతుందో కూడా చెప్పాలి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఐదారు నెలలకు తిరిగొచ్చిన తల్లిదండ్రులకు ఈ అనుభవం ఉంటుంది. కారు ఆపి తాళం వేసినా అలారం, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకం కోసం ఇరవై నుంచి యాభై మిల్లీ ఆంపియర్లు పోతూనే ఉంటాయి. నలభై మిల్లీ ఆంపియర్ల చొప్పున రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నెల రోజుల్లో హరీమంటుంది. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో సీసం సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జి ఎక్కదు. ఊరికి వెళ్లేముందు మైనస్ టెర్మినల్ తీసేసి వెళ్లండి.

వారం కూడా నిలవకుండా దిగిపోతుంటే లోపల ఏదో ఎక్కువ తాగుతోందన్నమాట. డిక్కీలో ఐదు వాట్ల బల్బు ఆరకుండా ఉండిపోతే చాలు, మూడు నాలుగు రోజుల్లో చిన్న బ్యాటరీ ఖాళీ. బయట వేయించిన మ్యూజిక్ సిస్టం, కెమెరా, జీపీఎస్ పరికరం, ఆల్టర్నేటర్‌లో లీకయ్యే డయోడు, ఇవన్నీ అనుమానితులే. మైనస్ టెర్మినల్ తీసి, ఆ మధ్యలో మీటరును పది ఆంపియర్ల సాకెట్టులో పెట్టి కలిపితే ఎంత పోతోందో తెలుస్తుంది. కారు తలుపులు మూసి అరగంట ఆగాలి, కంప్యూటర్లు నిద్రపోవడానికి ఆ వ్యవధి కావాలి. మీటరు అలా ఉండగా తాళం తిప్పారో, మీటరు లోపలి ఫ్యూజు, లేదా మీటరే పోతుంది. తరవాత ఒక్కో ఫ్యూజు తీస్తూ వెళ్లండి. ఏది తీస్తే అంకె పడిపోయిందో ఆ లైనులో దొంగ ఉన్నాడు.

దిగిపోయిన బండిని వేరే బండితో స్టార్టు చేయాల్సి వస్తే ఎర్ర కేబుల్ రెండు ప్లస్‌లకూ కలిపి, నల్ల కేబుల్ ఒక కొన మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొన దిగిపోయిన బండి ఇంజను మీద బ్యాటరీకి దూరంగా పెట్టండి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గాలిలో నాలుగు శాతం చేరినా రవ్వ తగిలితే అంటుకుంటుంది. అంటుకుంటే ఆమ్లం ముఖాన పడుతుంది. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు ఇదంతా మాకు సంబంధం లేదనుకోకండి. మీ కారులోనూ విడిగా ఒక పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది దిగిపోతే కింద ఉన్న పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేలుకోదు.

చివరగా ఒక విన్నపం. మన వర్క్‌షాపుల్లో సామాను మారిస్తేనే బిల్లు అవుతుంది. అరగంట కూర్చుని లోపం ఎక్కడుందో కనిపెట్టినవాడికి, ఒక బోల్టు గీకి బిగించినవాడికి పది రూపాయలు ఇవ్వడానికి కూడా మనకు చెయ్యి రాదు. అందుకే అతను కూడా మీటరు పక్కన పెట్టి కొత్త బ్యాటరీ చేతికిస్తాడు. ఇకమీదట బ్యాటరీ మార్చమన్నా, సెల్ఫ్ మార్చమన్నా, ‘‘తాళం తిప్పుతూ రీడింగ్ చూపించండి’’ అని అడగండి. చూపించి, లోపం కనిపెట్టి, సామాను మార్చకుండానే బాగుచేసిన మెకానిక్‌కు ఆ కనిపెట్టినందుకు కూలి నిండుగా ఇవ్వండి.